తెల్లవారుజాము ట్రిప్పు ఖరీదు: ఒక సిటీ బస్సు రూటుపై కేస్ స్టడీ

నగరం అంచున ఉన్న ఒక బస్సు డిపోలో నేను చాలా ఏళ్లు ట్రాఫిక్ విభాగం చూశాను. ఏ బస్సు ఏ వేళకు బయలుదేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఏ క్రూ ఏ సర్వీసుకు వెళ్లాలి అన్నది నిర్ణయించి ఛార్టు తయారుచేయడం నా పని. ఆ కాలంలో నేను చేతులారా రద్దు చేసిన ఒక ట్రిప్పు గురించి, దాన్ని తిరిగి వేయడానికి పట్టిన సమయం గురించి, ఆ క్రమంలో బస్సుల నిధుల విషయంలో నాకు స్థిరపడిన అభిప్రాయం గురించి ఇక్కడ రాస్తున్నాను. డిపో పేరు, రూటు నంబరు చెప్పడం లేదు. ఆ రోజుల్లో ఏ డిపోలోనైనా నా స్థానంలో ఉన్నవారు అదే నిర్ణయం తీసుకునేవారు కాబట్టి పేరు చెప్పినందువల్ల పాఠకుడికి అదనంగా తెలిసేదేమీ లేదు.

రూటు పొడవు 18 కిలోమీటర్లు. శివారులోని ఒక కాలనీలో మొదలై, పారిశ్రామికవాడ పక్కగా, పెద్ద ప్రభుత్వాసుపత్రి మీదుగా పాత మార్కెట్ దాకా వెళ్తుంది. 12 బస్సులు తిరిగేవి. మొదటి ట్రిప్పు తెల్లవారుజామున 4:50కి, మార్కెట్ నుంచి చివరి ట్రిప్పు రాత్రి 9:40కి. ఆ 4:50 బస్సులో పూలు, ఆకుకూరలు కొనడానికి మార్కెట్‌కు వెళ్లే ఆడవాళ్లు, రోడ్లు ఊడ్చే కార్మికులు, ఆసుపత్రిలో ఆయాలు, రాత్రి కాపలా ముగించి ఇంటికి వెళ్లే సెక్యూరిటీ గార్డులు ఎక్కేవారు. సీట్లు సగం కూడా నిండేవి కావు. ఎక్కేవాళ్లు మాత్రం దాదాపు రోజూ వాళ్లే.

ప్రతి నెలా సమీక్షకు ఒక జాబితా వచ్చేది. ట్రిప్పుల వారీగా ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చిన ఆదాయం, పక్కనే డిపో సగటు సీపీకే, అంటే కిలోమీటరుకు అయిన ఖర్చు. ఈపీకే అట్టడుగున ఉన్న ట్రిప్పులను గుర్తించి వాటిని ఏం చేయబోతున్నామో రాసి పంపాలి. ఏమీ చేయడం లేదని రాసే వీలు ఉండేది కాదు. ఒక నెల ఆ జాబితాలో ఆఖరి వరుసల్లో మా 4:50 ట్రిప్పు, 9:40 ట్రిప్పు రెండూ ఉన్నాయి. తెల్లవారుజాము ట్రిప్పును నేను రద్దు చేశాను. రాత్రి ట్రిప్పును 8:50కి జరిపాను. రెండు వారాల్లో డిపో సగటు ఈపీకే కొంచెం పెరిగింది. పని బాగా చేశానని నేను అనుకున్నాను, పైవాళ్లూ అలాగే అనుకున్నారు.

ఈ నిర్ణయంలో రెండు తప్పులున్నాయి. మొదటిది లెక్కకు సంబంధించినది. సీపీకే అన్నది సగటు. అందులో డీజిల్, టైర్లతో పాటు క్రూ జీతాలు, బస్సు తరుగుదల, అప్పులపై వడ్డీ, డిపో సిబ్బంది ఖర్చు, పై కార్యాలయాల వాటా అన్నీ కలిసి ఉంటాయి. ఒక ట్రిప్పు రద్దు చేస్తే వీటిలో ఏవి తగ్గుతాయి? ఆ డ్రైవరు, కండక్టరు ఎలాగూ ఆ రోజు డ్యూటీకి వస్తారు, వాళ్ల జీతం తగ్గదు. బస్సు కొన్నదే, దాని వడ్డీ ఆగదు. వాస్తవంగా మిగిలేది డీజిలు, కొంత టైరు అరుగుదల. రానూపోనూ 36 కిలోమీటర్లకు, లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున, 7 లీటర్ల పైచిలుకు. లీటరు 95 రూపాయలనుకుంటే 700 రూపాయల లోపే. ఆ ట్రిప్పులో సగం సీట్లు నిండకపోయినా టిక్కెట్ల మీద దాదాపు అంత మొత్తం వస్తూనే ఉండేది. సగటు ఖర్చుతో పోల్చినప్పుడు పెద్ద నష్టంలా కనిపించిన ట్రిప్పు, నిజంగా మిగిలే ఖర్చుతో పోల్చినప్పుడు తన ఖర్చు తాను భరిస్తున్న ట్రిప్పు. దాన్ని తీసేసినందుకు ఆ బస్సు డిపో ఆవరణలో ఇంకొంతసేపు ఖాళీగా నిలబడింది, అంతే.

రెండో తప్పు నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది. ట్రిప్పు రద్దయిన మూడో నెలలో సాయంత్రం వేళ, అంటే నేను ముట్టుకోని ట్రిప్పుల్లో, ఆదాయం తగ్గడం గమనించాను. నెలవారీ పాసుల అమ్మకం కూడా మా కౌంటరులో తగ్గింది. మొదట సర్వర్ లెక్కల్లో పొరపాటేమో అనుకుని వేబిల్లులు, అంటే కండక్టర్ల టిక్కెట్ల లెక్క పత్రాలు, తీయించి చూశాను. పొరపాటు లేదు. ఒక రోజు తెల్లవారుజామున కాలనీ స్టాపుకు వెళ్లి నిలబడ్డాను. మునుపు మా బస్సు ఎక్కే పూలమ్మే ఆవిడ ఒకరు అక్కడ షేర్ ఆటోలో కూర్చుని ఉన్నారు. సాయంత్రం బస్సులు ఉన్నాయి కదమ్మా, అవి కూడా ఎక్కడం మానేశారేమని అడిగాను. "పొద్దున్నే ఆటో ఎక్కక తప్పడం లేదు సార్. ఎలాగూ ఎక్కుతున్నాం కదా అని రానూపోనూ కలిపి నెలకు మాట్లాడేసుకున్నాం" అన్నారు.

ఛార్టులో ప్రతి ట్రిప్పుకూ ఒక వరుస, ఆ వరుసకు ఒక ఆదాయం ఉంటాయి. ప్రయాణికులు మాత్రం వెళ్లడాన్నీ తిరిగి రావడాన్నీ కలిపే ఆలోచించుకుంటారు. ఉదయం బస్సు లేకపోతే సాయంత్రం బస్సు వారికి పనికిరాదు. చివరి బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేకపోతే మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకు వెళ్లేవారు కూడా బస్సు ఎక్కరు. రాత్రి 9:40 ట్రిప్పు ఖాళీగా పోతున్నట్టు కనిపించినా, సాయంత్రం 8 గంటల బస్సులో కూర్చున్నవారిలో కొందరు అది ఉందన్న ధైర్యంతోనే ఇల్లు కదిలిన వారు. తనలో కూర్చోనివారికి కూడా ఒక బస్సు చేసే ఈ సేవను ఏ టిక్కెట్ యంత్రమూ నమోదు చేయదు. ఆదాయ పట్టికలో దానికి గడి లేదు.

తెల్లవారుజాము ట్రిప్పును తిరిగి వేయించడానికి ఐదు నెలలు పట్టింది. తీసేయడానికి నా సంతకం ఒక్కటి చాలింది గానీ, నష్టంలో ఉన్న ట్రిప్పును మళ్లీ మొదలుపెట్టడానికి కారణాలు రాతపూర్వకంగా చూపవలసి వచ్చింది. నేను చూపగలిగిన కారణాలకు కొలత లేదు. తిరిగి వేశాక కూడా పాత ప్రయాణికులందరూ రాలేదు. ఆటోతో కుదుర్చుకున్న ఏర్పాటును వదులుకోవాలంటే బస్సు ఈసారి ఉండిపోతుందన్న హామీ వారికి కావాలి, ఆ హామీ ఇచ్చే స్థితిలో నేను లేను. కొందరు మెల్లగా వచ్చారు. కొందరి ఇళ్లలో అప్పటికే స్కూటర్ వాయిదాలు మొదలయ్యాయి.

ఈ అనుభవాన్ని కేవలం నా అవగాహనా లోపంగా వదిలేయవచ్చు. కానీ నేను ఆ నిర్ణయం తీసుకోవడానికి కారణమైన కొలమానం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే విషయం పెద్దదవుతుంది. హైదరాబాద్ సంస్థానంలో 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. 1950లో రోడ్డు రవాణా సంస్థల చట్టం వచ్చింది, దాని కింద 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఆ చట్టంలోని 18వ సెక్షను సమర్థమైన, తగినంత, పొదుపైన, సక్రమంగా సమన్వయం చేసిన రవాణా సేవలు అందించడం సంస్థ విధి అంటుంది. 22వ సెక్షను సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం నడుచుకోవాలంటుంది. ఈ రెండింటినీ ఒకేసారి పాటించడం ఒకప్పుడు సాధ్యమైంది, ఎందుకంటే దూరప్రాంత సర్వీసుల మిగులుతో పల్లె బస్సులనూ, సిటీ బస్సులనూ నడిపేవారు. కాంట్రాక్టు క్యారేజీ అనుమతులతో, అంటే ఒక బృందాన్ని ఒప్పందం మీద ఒక చోటు నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడానికి ఇచ్చే అనుమతులతో, తిరిగే ప్రైవేటు బస్సులు దూరప్రాంత రూట్లలో లాభాన్ని పంచుకోవడం మొదలైన తర్వాత ఆ మిగులు కరిగిపోయింది. పల్లెకూ నగరానికీ నష్టం వచ్చినా నడపాలన్న విధి అలాగే ఉండిపోయింది, దానికి డబ్బు ఇచ్చే మూలం మాత్రం పోయింది. ఆ స్థానంలో కొత్త మూలాన్ని చట్టంలో ఎవరూ రాయలేదు.

తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ కార్మికుల సమ్మె ఈ ఖాళీలోంచే వచ్చిందని నా అభిప్రాయం. సమ్మె ముగిశాక డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఛార్జీలు పెరిగాయి, హైదరాబాద్ నగరంలో బస్సుల సంఖ్యను తగ్గించారు. ఖర్చు తగ్గించుకోవలసిన సంస్థ నష్టం ఎక్కువగా ఉన్న చోట కోత పెట్టడం లెక్క ప్రకారం సహజమే. నేను 4:50 ట్రిప్పు విషయంలో చేసింది కూడా, చిన్న స్థాయిలో, అదే. తర్వాత ఆంధ్రప్రదేశ్ 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకుంది, తెలంగాణ శాసనసభ 2023 ఆగస్టులో అలాంటి బిల్లునే ఆమోదించింది. ఉద్యోగుల జీవితాలకు ఇది అవసరమైన భద్రత, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే జీతం ఎవరి ఖాతా నుంచి వస్తుందన్నది మారినంత మాత్రాన డిపోలో ట్రిప్పును కొలిచే పద్ధతి మారదు.

కొలిచే పద్ధతిని నిజంగా కదిలించింది మహిళల ఉచిత ప్రయాణం. ఢిల్లీలో 2019 అక్టోబరులో, తమిళనాడులో 2021 మేలో, కర్ణాటకలో 2023 జూన్‌లో ఇది వచ్చింది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. తెలంగాణలో 2025 జులై నాటికి ఈ పథకం కింద 200 కోట్ల ప్రయాణాలు పూర్తయ్యాయి. డబ్బుల్లేక మానుకున్న ఆసుపత్రి ప్రయాణాలు, పింఛను ప్రయాణాలు, తల్లిగారింటి ప్రయాణాలు ఆ సంఖ్యలో ఉన్నాయి. బస్సుల్లో రద్దీ చూసి పథకాన్నే తప్పుపట్టేవారితో నేను ఏకీభవించను. అంతమందికి ప్రయాణం అవసరమై ఉండి కూడా ఇన్నాళ్లూ కదలలేదన్నది ఆ రద్దీ చెబుతున్న మాట.

నా ఆక్షేపణ చెల్లింపు పద్ధతి మీద. మహిళకు కండక్టరు జీరో టిక్కెట్ ఇస్తారు, దాని మీద ఉండవలసిన ఛార్జీ లెక్కలోకి వెళ్తుంది, ఆ మొత్తాన్ని ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. అంటే ప్రభుత్వం ప్రయాణికురాలి బదులు టిక్కెట్ కొంటోంది. ఇది న్యాయంగానే కనిపిస్తుంది. ఛార్టు తయారుచేసేవాడి బల్ల దగ్గర కూర్చుని చూస్తే వేరుగా ఉంటుంది. ఒక బస్సులో 90 మంది కిక్కిరిసి వెళ్తున్నారనుకుందాం. వెనకే ఇంకో బస్సు వేస్తే రెండింటిలో 45 మంది చొప్పున సుఖంగా వెళ్తారు. టిక్కెట్ల సంఖ్య, అందువల్ల ప్రభుత్వం నుంచి వచ్చే మొత్తం మారదు. ఖర్చు మాత్రం రెట్టింపవుతుంది, కిలోమీటరుకు ఆదాయం సగానికి పడిపోతుంది. కిక్కిరిసిన బస్సు నివేదికలో ఉత్తమ బస్సుగా కనిపిస్తుంది. రద్దీ తగ్గించిన అధికారి తన డిపో పనితీరు దిగజారినందుకు సంజాయిషీ రాసుకోవలసి వస్తుంది. టిక్కెట్టుకు డబ్బు ఇచ్చినంత కాలం అదనపు బస్సు వేయడానికి డిపోకు ఎలాంటి ప్రోత్సాహమూ ఉండదు, ఎంత మంచి అధికారి ఉన్నా సరే.

కండక్టరు కష్టం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కిక్కిరిసిన బస్సులో ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, ఒక్కొక్కరికి జీరో టిక్కెట్ కొట్టి, స్టేజీ దాటేలోగా ముగించడం మానవ సాధ్యానికి అంచున ఉండే పని. కొన్నిసార్లు టిక్కెట్లు పూర్తి కావడానికి బస్సును పక్కకు ఆపవలసి వస్తుంది, వెనకవాళ్లందరికీ ఆలస్యం. డబ్బు చెల్లించి నిలబడి ప్రయాణించే మగవారి చిరాకు, కూర్చునే చోటు లేని వృద్ధుల బాధ అంతా చివరకు ఆ కండక్టరు మీదే పడుతుంది. చెల్లింపు టిక్కెట్ల లెక్కకు ముడిపడి ఉంది కాబట్టి ఒక్క టిక్కెట్ కూడా వదిలే వీలు లేదు. సేవకు డబ్బు ఇస్తే, ఎంతమంది ఎక్కారన్నది నమూనా గణనతో తెలుసుకున్నా సరిపోతుంది.

మా రూటుకు తిరిగి వస్తాను. తెల్లవారుజాము ట్రిప్పు తిరిగి వేయించిన తర్వాత మిగతా రోజంతా ఎలా నడుస్తోందో లెక్క కట్టాను. వెళ్లడానికి 72 నిమిషాలు, చివర 18 నిమిషాల విశ్రాంతి కలిపి 90, రానూపోనూ 180 నిమిషాలు. 12 బస్సులు ఉన్నాయి కాబట్టి 15 నిమిషాలకు ఒక బస్సు. ఛార్టు ఈ అంచనా మీదే ఉంది. కానీ అది తయారైన నాటికీ నేను కొలిచిన నాటికీ మధ్య రోడ్డు మీద వాహనాలు పెరిగి, గంటకు 15 కిలోమీటర్లు నడిచే బస్సు రద్దీ వేళల్లో 12 కిలోమీటర్లకు దిగింది. ఒకవైపు 90 నిమిషాలు, విశ్రాంతిని 15 నిమిషాలకు కుదించినా రానూపోనూ 210. అవే 12 బస్సులు, అదే సిబ్బంది, అదే జీతాలు, పైగా ఎక్కువ డీజిలు. ప్రయాణికుడికి మాత్రం 15 నిమిషాల బస్సు పదిహేడున్నర నిమిషాలదైంది. పాత అంతరం నిలబెట్టాలంటే ఇంకో 2 బస్సులు కావాలి. ఆ రెండు బస్సులకూ వాటి సిబ్బందికీ అయ్యే ఖర్చు కొత్త సేవకు కాదు, ఉన్న సేవ జారిపోకుండా పట్టుకోవడానికి. వేగం తగ్గినందువల్ల వచ్చే ఈ ఖర్చు సంస్థ నష్టాల పద్దులో చేరుతుంది. ఆ నష్టానికి కారణమైన పార్కింగు, బస్‌బేలో నిలిపే ఆటోలు, మలుపు దగ్గర తవ్వి వదిలేసిన రోడ్డు ఏ పద్దులోనూ కనిపించవు.

మేము మూడు ప్రయత్నాలు చేశాం. బస్సులు ఒకదాని వెనక ఒకటి గుంపుగా రాకుండా మధ్యలో ఆసుపత్రి దగ్గర ఒక కంట్రోలర్‌ను ఉంచి, ముందొచ్చిన బస్సును రెండు మూడు నిమిషాలు ఆపి వదిలాం. ఇది పనిచేసింది. నిజానికి మేము చేసిన వాటిలో అన్నిటికన్నా చౌకైనదీ ఉపయోగపడినదీ ఇదే. రెండోది, సగం బస్సులను ఆసుపత్రి నుంచే వెనక్కి తిప్పడం. రద్దీ ఎక్కువున్న సగభాగంలో బస్సులు తరచుగా వస్తాయని కాగితం మీద బాగానే కనిపించింది. కానీ మార్కెట్‌కు గంపలతో వెళ్లేవారు ఆసుపత్రి దగ్గర దిగి ఇంకో బస్సు కోసం నిలబడాల్సి వచ్చింది, మళ్లీ టిక్కెట్ తీయాల్సి వచ్చింది. బస్సు ముందు బోర్డు చూడకుండా ఎక్కినవారు డ్రైవర్లతో గొడవపడ్డారు. రెండు నెలల్లో దాన్ని వెనక్కి తీసుకున్నాం, తీసుకోవడమే సరైన పని. మారడానికి అదనపు ఛార్జీ లేని టిక్కెట్, నీడ ఉన్న స్టాపు లేకుండా ప్రయాణికుడిని మధ్యలో దింపకూడదు. మూడోది, కాలనీ స్టాపులో తొలి, చివరి బస్సుల వేళలు పెద్ద అక్షరాలతో రాయించడం. బస్సు ఉంటుందని రాతలో చూసినప్పుడు, అదీ నెలల తరబడి అదే వేళకు వచ్చినప్పుడు, మనుషులు దాన్ని నమ్మి ఇల్లు కదులుతారు.

ఇక డబ్బు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న. మన దేశంలో బస్సు కొనడానికి పథకాలు చాలాసార్లు వచ్చాయి. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద 2009లో నగరాలకు బస్సులు ఇచ్చారు, తర్వాత విద్యుత్ వాహనాలను ప్రోత్సహించే కేంద్ర ఫేమ్ పథకాలతో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. కొన్న బస్సును పదేళ్లు రోజూ నడపడానికి స్థిరమైన నిధి దాదాపు ఏ నగరానికీ లేదు. నిర్మాణం మీద ఉన్న శ్రద్ధ నిర్వహణ మీద లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ మెట్రో చూపింది. 69 కిలోమీటర్ల ఆ మార్గానికి కేంద్రం నుంచి 1,458 కోట్ల రూపాయల లోటు భర్తీ నిధిని మంజూరు చేసి, ఆదాయం మీద ఆధారపడి నడుపుకోమని ప్రైవేటు సంస్థకు అప్పగించారు. 2025లో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 75కు పెరిగి, విమర్శలు వచ్చాక 69కి దిగింది. అదే ఏడాది సెప్టెంబరులో మెట్రోను తానే తీసుకుంటానని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఎవరు నడిపినా, ఛార్జీలతోనే మొత్తం ఖర్చు రాబట్టాలన్న షరతు పెడితే, చివరికి ఆ భారం ప్రయాణికుడి మీదో ఖజానా మీదో పడక తప్పదు.

ఎలక్ట్రిక్ బస్సుల ఒప్పందాలు ఒక విచిత్రమైన పరిస్థితిని తెచ్చాయి, దాన్ని ఎవరైనా లోతుగా అధ్యయనం చేయాలని కోరుకుంటున్నాను. వాటిలో ప్రైవేటు నిర్వాహకుడికి నడిపిన కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తారు, రోజుకు ఇన్ని కిలోమీటర్లు నడిపిస్తామన్న హామీ కూడా ఉంటుంది. 2022లో ఐదు నగరాలకు కలిపి పిలిచిన 5,450 బస్సుల టెండరులో 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయల ధర వచ్చింది. అంటే ఒకే డిపోలో పక్కపక్కన నిలబడిన రెండు బస్సుల్లో ఒకదానికి నడిచినందుకు డబ్బు, రెండోదానికి ఎక్కినవాళ్ల టిక్కెట్లకు డబ్బు. హామీ కిలోమీటర్లు నడిపించకపోయినా చెల్లించాలి కాబట్టి కంట్రోలర్ సహజంగానే సంస్థ సొంత డీజిల్ బస్సు ట్రిప్పును తగ్గిస్తాడు. కిలోమీటరు లెక్కకు కూడా లోపాలున్నాయి. స్టాపులో ఆగకుండా దూసుకెళ్లే బస్సుకూ, మధ్యాహ్నం ఖాళీ రోడ్ల మీద ఎక్కువ తిరిగి సాయంత్రం కనిపించని బస్సుకూ అదే రేటు వస్తుంది.

నేను కోరుకునే పద్ధతి ఈ రెండింటికీ భిన్నం. నగరం, రాష్ట్రం కలిసి ఒక రూటులో ఏ గంటకు ఎన్ని బస్సులు ఉండాలో ముందే నిర్ణయించాలి, తొలి చివరి ట్రిప్పులు అందులో తప్పనిసరిగా ఉండాలి. ఆ సేవను కొనుక్కోవాలి. బస్సు మధ్య స్టాపులకు వేళకు చేరిందా లేదా అన్నది జీపీఎస్‌తో చూసి చెల్లించాలి, ఆలస్యానికి కారణం రోడ్డు అయితే దాన్ని విడిగా నమోదు చేసి ఆ ఖర్చును రోడ్డు బాధ్యత ఉన్న సంస్థ పద్దులో చూపాలి. సింగపూర్ 2016 నుంచి దాదాపు ఇలాగే చేస్తోంది. అక్కడ ఛార్జీల ఆదాయం ప్రభుత్వానిది, నిర్వాహకుడికి సేవకు చెల్లింపు, బస్సుల క్రమబద్ధతను బట్టి ప్రోత్సాహకం లేదా కోత. మహిళల ఉచిత ప్రయాణం ఈ పద్ధతిలో ఇంకా తేలికవుతుంది, ఎందుకంటే ఉచితం అన్నది అప్పుడు ఛార్జీల విధానానికి సంబంధించిన నిర్ణయం, డిపో ఆదాయానికి సంబంధించినది కాదు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఫ్రాన్స్ 1971లో పారిస్ ప్రాంతంలో మొదలుపెట్టి యజమానులు ఉద్యోగులకు ఇచ్చే జీతాల మొత్తం మీద రవాణా పన్ను వేసింది, ఇప్పుడు 11 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు దాన్ని కడతాయి. కార్మికులను సమయానికి చేర్చే రవాణా వల్ల లాభపడేది యజమాని కూడా కాబట్టి ఇది న్యాయమే. కానీ మన దగ్గర దాన్ని యథాతథంగా తేవడం కష్టం. మనకు దగ్గరగా ఉన్న వృత్తి పన్నుకు రాజ్యాంగం 276వ అధికరణంలో ఏడాదికి 2,500 రూపాయల పరిమితి ఉంది. అందువల్ల నేను మొదట చూసేది రోడ్డు పక్కన పార్కింగు రుసుము, మెట్రో, బస్సు మార్గాల వెంబడి పెద్ద కట్టడాలకు అనుమతులిచ్చేటప్పుడు వసూలు చేసే రుసుములు, ఆస్తి పన్నులో చట్టంతో నిర్ణయించిన వాటా. హైదరాబాద్ నగరపాలక సంస్థ 2015-16లో సిటీ బస్సుల నష్టానికి కొంత మొత్తం ఇచ్చి తర్వాత ఆపింది, 2019 సమ్మె కాలంలో హైకోర్టులో దాని గురించి వాదనలు కూడా జరిగాయి. ఇవ్వవచ్చు అని ఉన్నచోట ఇవ్వాలి అని చట్టంలో లేకపోతే ఏటికాయేడు బడ్జెట్ బాగున్నప్పుడే బస్సుకు డబ్బు వస్తుంది. ఛార్టును అలా నడపలేం.

ఇంకొకటి, అడిగిన వెంటనే చేయగలిగినది. తెలంగాణలో డీజిలు మీద వ్యాట్ 27 శాతం. ప్రభుత్వ బస్సు కొనే ప్రతి లీటరు మీదా ఆ పన్ను పడుతుంది, దాని మీద మోటారు వాహన పన్ను వేరు. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకుంటున్న ఈ మొత్తాన్ని రద్దు చేసినా, లేదా కనీసం తొలి, చివరి ట్రిప్పుల నిధిగా పక్కకు తీసిపెట్టినా, నేను సంతకంతో తీసేసిన ట్రిప్పుల వంటివి చాలా నిలబడతాయి. ఒక్కొక్కటీ రోజుకు ఏడు లీటర్ల డీజిలు.

నేను పదవీ విరమణ చేసిన నాటికి 4:50 బస్సు సోమవారం నుంచి శనివారం వరకు నడుస్తోంది. ఆదివారం ఛార్టులో దాన్ని తిరిగి పెట్టించలేకపోయాను. ఆదివారం ఆసుపత్రికి సెలవు ఉండదు, మార్కెట్‌కూ ఉండదు. నా తర్వాత వచ్చిన అధికారికి బాధ్యతలు అప్పగించేటప్పుడు పెండింగ్ పనుల పట్టికలో మొదటి వరుసగా దాన్నే రాసి ఇచ్చాను.